నాలుగు నిమిషాలు తెరిచిన తలుపు

"ఉద్యోగంలో ఎప్పుడైనా తప్పు చేశారా?" అని అడిగాను.

"ఉద్యోగంలోనా? లేదు," అంది పెద్దక్క. "ఇంట్లో అంటే చాలా ఉన్నాయి. రాసుకుంటారా?"

పెన్ను కింద పెట్టాను. పద్నాలుగేళ్ళు బీమా క్లెయిముల్లో అబద్ధాలు ఏరి, ఆ తర్వాత డిటెక్టివ్‌గా సొంత బోర్డు పెట్టుకున్నదాన్ని నేను. నేరం మోపబడిన మనిషి నా ఎదురుగా కూర్చుని చమత్కారం ఆడటం చూశాను గానీ, ఇంత నిటారుగా కూర్చుని ఆడటం చూడలేదు. యాభై ఆరేళ్ళు. నలగని తెల్లకోటు. పొట్టిగా కత్తిరించిన గోళ్ళు. ఆ ల్యాబులో డైరెక్టరు గారితో సహా అందరికీ ఆవిడ పెద్దక్కే.

ఏడు పరిశోధనా బృందాలు కలిసి నడుపుకునే ఉమ్మడి ప్రయోగశాల అది. ఏ ఒక్క బృందమూ ఒంటిగా మొయ్యలేని మెషీన్లు అక్కడ ఉంటాయి. మనిషి పేగుల్లో ఏ సూక్ష్మజీవులు కాపురం చేస్తున్నాయి, అవి ఏం తిని ఏం వదులుతున్నాయి అన్నది చూసి చెప్పడం వాళ్ళ పని. మలం శాంపిళ్ళు వస్తాయి, గడ్డకట్టించే ఫ్రీజర్లలోకి వెళతాయి, పిలుపు వచ్చినప్పుడు మెషీను ఎక్కుతాయి. ఆ ఫ్రీజర్ల స్టోరుకు పంతొమ్మిదేళ్ళుగా పెద్దక్కే యజమానురాలు, రిపోర్టు రాసేదీ ఆవిడే.

గొడవ వచ్చింది ఇరవై నాలుగు ట్యూబుల దగ్గర. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పాలల్లో కలిపి పట్టే ఒక కొత్త పొడి మీద ఆసుపత్రిలో పరిశోధన జరుగుతోంది. నడిపేది పిల్లల డాక్టరమ్మ. పొడి తాగిన ఇరవై నలుగురు పసివాళ్ళ శాంపిళ్ళను సోమవారం ఇక్కడ పరీక్షిస్తే, పంతొమ్మిదింటిలో ఒక చెడ్డ ఆమ్లం హద్దు దాటింది. అది ఒంట్లో పేరుకుంటే పసిగుడ్డు తట్టుకోలేదు. వెంటనే పొడి ఆపేశారు. పొడి తయారుచేసే కంపెనీ మళ్ళీ పరీక్ష చెయ్యమంది. గురువారం అవే ట్యూబులు, అదే మెషీను. ఈసారి ఒక్కదానిలోనూ ఆ ఆమ్లం లేదు!

ఇప్పుడు శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర. సోమవారం నాటి రిపోర్టు తప్పని, దాన్ని పెద్దక్క కావాలనే తప్పుగా తయారుచేసిందని కంపెనీ అంటోంది. ఏడు బృందాల పెద్దలూ వచ్చే సోమవారం కూర్చుంటారు. ఆ రోజుతో పెద్దక్క పేరు పోతుంది, ఆ వెనకే ల్యాబు పేరూ పోతుంది. అందుకే డైరెక్టరు గారు నన్ను పిలిపించారు.

"బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటా ఏడు నిమిషాలకు మీ కార్డుతో స్టోరు తలుపు తెరుచుకుంది," అన్నాను.

"నా కార్డు తెరిచి ఉంటుంది. నేను తెరవలేదు. ఆ టైములో కింద, ఫ్రీజర్లకు ద్రవ నైట్రోజన్ తెచ్చే బండి దగ్గరున్నాను. అది దింపుకోవాలంటే మందపాటి ఏప్రన్ తొడుక్కోవాలి. కోటు విప్పి వరండాలో కొక్కేనికి తగిలించాను. కార్డు కోటు జేబులో ఉంది."

"ఆ బండివాడు ఒంటిగంట ప్రాంతంలో..."

"ప్రాంతంలో!" అని వెనక నుంచి ఒక గొంతు నా మాటను నరికింది. "ఒంటిగంట ప్రాంతం అంటే పన్నెండున్నరా కావచ్చు, ఒకటిన్నరా కావచ్చు చెల్లెమ్మా. రసీదు మీద సంతకం ఉంది, టైము లేదు. నిన్ననే అడిగొచ్చాను."

తిరిగి చూడక్కర్లేదు. ఎవరి వాక్యాన్నీ చివరిదాకా పోనివ్వడని మా వృత్తిలో అతన్ని కత్తెర అంటారు. అరవై దాటినా చూపు మొద్దుబారలేదు. ఈసారి కంపెనీ తరఫున వచ్చాడు. మా ఇద్దరికీ ఇది నాలుగో కేసు. మూడింటిలో రెండు అతనే గెలిచాడు. ఆ లెక్క నాకూ గుర్తుంది, అతనికీ గుర్తుంది.

"అన్నయ్యా, విచారణ మధ్యలో తలుపు తట్టే అలవాటు ఇంకా రాలేదా?"

"తడితే నిజం సర్దుకు కూర్చుంటుంది," అన్నాడు కత్తెర, కుర్చీ లాక్కుంటూ. "ట్యూబుల మీద లేబుళ్ళు చూశావా? ఆసుపత్రి వార్డులో అచ్చేసి అంటించిన అసలు లేబుళ్ళే. ఒక్కటీ చిరగలేదు, ఊడలేదు. ట్యూబులు మారాయని నువ్వు కథ అల్లబోతున్నావేమో. మారలేదు. మొదటి రిపోర్టే అబద్ధం."

"నా రిపోర్టు అబద్ధం కాదు," అంది పెద్దక్క. గొంతు పెంచలేదు. అసలు అతని వైపే చూడలేదు.

"బుధవారం బయటివాళ్ళు ఎవరైనా వచ్చారా?" అని ఆవిణ్ణి మళ్ళీ అడిగాను. పొద్దుటి నుంచి ముగ్గుర్ని అడిగిన ప్రశ్నే.

"బయటివాళ్ళు ఎవరూ రాలేదు."

మిగతా ఇద్దరూ అదే చెప్పారు.

*

స్టోరు మొదటి అంతస్తులో ఉంది. గాజు తలుపు, లోపల గోడ పొడుగునా నాలుగు నిలువు ఫ్రీజర్లు. ఒక్కోదాని నుదుటి మీద మైనస్ ఎనభై అని ఎర్రంకెలు. పక్కనే చిన్న పెట్టె, అందులో కాగితం చుట్ట. లోపలి చలిలో ఏ మార్పు వచ్చినా ఒక సూది ఆ కాగితం మీద గీస్తూ పోతుంది.

రెండో ఫ్రీజరు కాగితాన్ని వెనక్కి తిప్పాను. బుధవారం. ఒంటిగంటా తొమ్మిదికి గీత పైకి లేచింది. ఎనభై, డెబ్బై, అరవై, యాభై ఎనిమిది. ఒంటిగంటా పదమూడుకు మళ్ళీ కిందికి దిగడం మొదలుపెట్టింది.

"నాలుగు నిమిషాలు తలుపు తెరిచి ఉంది," అన్నాను.

పెద్దక్క ముఖంలో మొదటిసారి రంగు మారింది. అది భయం కాదు. ఇంట్లో ఎవరో చెప్పులతో పూజగదిలోకి నడిచారని విన్న మనిషి ముఖం అది.

"నాలుగు నిమిషాలా? నా ఫ్రీజరా?"

నా వాచీ తీశాను. "పెద్దక్కా, ఈ ఫ్రీజర్లో నూట ఎనభయ్యో పెట్టె, ఆరో ట్యూబు. తెచ్చివ్వండి."

ఆవిడ చేతులకు తొడుగులు వేసుకుంది. ఎక్కం గుర్తు చేసుకునే పిల్లలా ఒక్క క్షణం పైకి చూసింది. తలుపు తీసింది, మూడో అర, ఎడమ నుంచి రెండో బొత్తి, పెట్టె, మూత, ట్యూబు. తలుపు మూసింది. నా చేతిలో ట్యూబు పెట్టింది. మూత మీద 180, 6.

ఇరవై రెండు సెకన్లు. ఎర్రంకెలు మైనస్ డెబ్బై ఏడు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాయి.

"ఈ గదిలో నలభై ఒక్క వేల ట్యూబులున్నాయి," అందావిడ, దాన్ని తిరిగి లోపల పెట్టేస్తూ. "ఎక్కడ ఏముందో చీకట్లో అడిగినా చెబుతాను. తలుపు తెరిచి వెతకడమంటే వంటింట్లోకి వెళ్ళి ఉప్పెక్కడుందని అడగడం లాంటిది. అది చుట్టాలు చేసే పని, ఇంటిదాన్ని నేను చెయ్యను."

"బావుంది," అన్నాడు కత్తెర. "కానీ చేతనైన దొంగ చేతకాని దొంగలా నటించడం కొత్తా చెల్లెమ్మా? కావాలనే నాలుగు నిమిషాలు తెరిచి ఉంచింది. ఇదిగో, నీలాంటిది వచ్చి ఇలా చప్పట్లు కొడుతుందని."

"ఈ కాగితం చుట్ట ఇక్కడ పెట్టించింది ఎవరు పెద్దక్కా?"

"నేనే. మూడేళ్ళు పోరితే ఇచ్చారు."

"అంటే, ఆవిడకు దీని సంగతి తెలుసు. ఇరవై రెండు సెకన్లలో పని ముగిస్తే దీని మీద గీత పెద్దగా లేవదని తెలుసు. అయినా నాలుగు నిమిషాలు నిలబడి, తన కార్డే వాడి, తన మీదికే వేలు చూపించే గీత గీసుకుందంటావు. అన్నయ్యా, నటనకైనా ఒక లాభం ఉండాలి కదా?"

కత్తెర కాగితం చుట్ట మీదికి వంగాడు. అది ఒప్పుకోవడం కాదు. ఇంకో కత్తి పదును పెట్టుకుంటున్నాడని అర్థం.

*

మెషీను గది పై అంతస్తులో. దాన్ని నడిపే ఆయన పెద్దక్కకు స్వయానా మరిది. ఇంట్లో ఒకే కప్పు కింద, ఇక్కడ ఒకే మెట్ల మీద. పెద్దక్క మీద నింద పడ్డప్పటి నుంచి ఆయన గడ్డం గీసుకోలేదు.

"మా పనంతా పీకులు చూడటమే మేడం," అన్నాడాయన కంప్యూటరు మీద గీతల శిఖరాలు చూపిస్తూ. "ఒక్కో పదార్థం ఒక్కో నిమిషం దగ్గర శిఖరంలా లేస్తుంది. శిఖరాన్ని మేం పీకు అంటాం. ఏం పని చేస్తావని బయట ఎవరన్నా అడిగితే చెప్పుకోలేక చస్తున్నాను."

"గురువారం పరీక్షలో మెషీను ఏమేం చూసింది?"

"అన్నీ చూసింది. మేమే ఒక్క ఆమ్లం గురించి అడిగాం. కంపెనీ అడగమన్నది అదొక్కటే."

"అడగనివి పారేస్తుందా?"

"మా మెషీను మా వదినలాంటిది మేడం. ఒకసారి చూసిందంటే ఏదీ వదిలిపెట్టదు. ఇరవై ఏళ్ళ నాటిదైనా సరే, సమయం చూసి తీస్తుంది."

"మరిదిగారూ," అంది పెద్దక్క గుమ్మంలోంచి. అంతే. ఆయన గబగబా ఫైళ్ళు తెరిచాడు.

మెషీన్లను తాకకూడదని కత్తెర పెట్టిన షరతు మీద పెద్దక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. "చెయ్యి పెట్టను, చూపు పెడతాను. దానికి కూడా కంపెనీ అనుమతి కావాలా?"

ఇరవై నాలుగు గీతలు ఒకదాని కింద ఒకటి పరుచుకున్నాయి. మరిది ఒక పీకు మీద వేలు పెట్టాడు. "ఇది కెఫీను. కాఫీలో ఉండేది."

తెర మీదికి వంగాను. "కాఫీయా? నెలలు నిండని పిల్లలు కాఫీ ఎక్కడ తాగారు? ఇవి పిల్లల శాంపిళ్ళు కావు!"

కత్తెర నవ్వాడు. తొందరేం లేకుండా, నోరారా నవ్వాడు. "అయ్యో చెల్లెమ్మా! నెలలు నిండని పిల్లలు నిద్రలో ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. మరిచిపోకుండా కెఫీను చుక్కలు వేస్తారు. వార్డులో ప్రతి బిడ్డకూ వేస్తారు. చదువుకుని రావద్దూ?"

మరిది తలొంచుకున్నాడు. అది నిజమే. రెండు గెలుపులు మూడు కాబోతున్నాయి.

అప్పుడు పెద్దక్క ఒకడుగు ముందుకు వేసింది.

"మరిదిగారూ, కెఫీను వదిలెయ్యి. రెండో నిమిషం దగ్గరికి పో. ఇంకొంచెం వెనక్కి. ఆ పొడుగాటిది ఏమిటి?"

ఆయన అంకెలు చూశాడు. మళ్ళీ చూశాడు. "మెట్‌ఫార్మిన్," అన్నాడు మెల్లగా.

"అంటే?" అన్నాను, ఈసారి జాగ్రత్తగా.

"షుగరు బిళ్ళ," అంది పెద్దక్క. "ఊపిరి కోసం పిల్లలకు కెఫీను వేస్తారు, సరే. నెలలు నిండని పసిగుడ్డుకు షుగరు బిళ్ళ ఏ డాక్టరు వేస్తాడు? మిగతా ట్యూబులు చూడు."

చూశాడు. ఇరవై నాలుగింటిలోనూ ఉంది. ఇరవై నాలుగింటిలోనూ ఒకే ఎత్తు. మరిది గీతలన్నింటినీ ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఇరవై నాలుగు గీతలూ కలిసి ఒకే గీతయ్యాయి.

"ఇరవై నలుగురు పిల్లలు," అంది పెద్దక్క, "ఒక్కటే కడుపు."

కత్తెర నవ్వు ఆగింది. ముందుకు వంగి తెరను చాలాసేపు చూశాడు. అతనిలో నాకు నచ్చే గుణం ఒక్కటుంది. కళ్ళెదుట ఉన్నదాన్ని లేదనడు.

"ట్యూబులు మారాయి. ఒప్పుకున్నాను," అన్నాడు. "కానీ మార్చింది ఈ ఇంటివాళ్ళే. ఎవరో తన కడుపులోదే తెచ్చి నింపారు. నిరుడు ఈ మెషీను కొత్తగా పెట్టినప్పుడు సరిచూసుకోవడానికి సిబ్బంది పదకొండు మందీ తలో శాంపిలు ఇచ్చారట కదా. ఆ గీతలు మీ దగ్గరున్నాయి. ఏ నంబరు ఎవరిదో రాసిన కవరు డైరెక్టరు బీరువాలో ఉంది. తియ్యండి. పది నిమిషాల్లో దొంగ దొరుకుతాడు."

*

"తియ్యను," అన్నారు డైరెక్టరు గారు.

డెబ్బై ఏళ్ళ మనిషి. బీరువాకు అడ్డంగా వెళ్ళి నిలబడ్డారు. పదకొండు మందికీ కబురు వెళ్ళి, అందరూ ఆ గదిలోకీ వరండాలోకీ చేరారు.

"నన్ను పిలిపించింది మీరే సార్," అన్నాను.

"నిజం తెలుసుకోమని పిలిచానమ్మా, మాట తప్పమని పిలవలేదు. ఇచ్చినవాళ్ళు సైన్సుకిచ్చారు. విచారణకివ్వలేదు. పేరు బయటపెట్టం అని సంతకం చేసి తీసుకున్నాం. ఇవాళ మా అవసరానికి ఈ కవరు చింపితే, రేపు ఏ తల్లి తన బిడ్డ శాంపిలు మా చేతిలో పెడుతుంది?"

"పెద్దక్క ఉద్యోగం పోయినా?" అని కత్తెర అడిగాడు.

డైరెక్టరు గారు బీరువా పిడి మీద చెయ్యి వేశారు. జవాబు పెద్దక్క ఇచ్చింది.

"పోయినా చింపకూడదు. ఆ కాగితం మీద సాక్షి సంతకం నాది." టేబులు మీంచి ఒక చీటీ తీసుకుంది. "కానీ నా నంబరు నాది. నేను ఇచ్చుకోవచ్చు." గబగబా రాసి అందరికీ వినబడేలా చదివింది. "నాలుగో నంబరు పెద్దక్కది. నా ఇష్టంతో చెబుతున్నాను. పోల్చి చూడండి."

చీటీ బల్ల మీద పెట్టింది.

"ఏడు నాది," అన్నాడు మరిది. "ఆ వారం విందు భోజనాలున్నాయి. గీత కాస్త అసహ్యంగా ఉంటుంది, నవ్వకండి."

నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ ముందుకొచ్చారు. గాజు సామాను కడిగే ఆయన, లెక్కలు కట్టే అమ్మాయి, సెలవులో ఉండి ఫోనులో చెప్పిన నిండు చూలాలు, ఊడ్చి తుడిచే ఆయా. ఆవిడ రాయలేదు, "నాది తొమ్మిది, నేనే మరిచిపోకుండా వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను," అంది. ఎవరూ ఎవరినీ బలవంతపెట్టలేదు. పదో చీటీ పడ్డాక డైరెక్టరు గారు బీరువా దగ్గర నుంచి కదిలి, జేబులోంచి పెన్ను తీసి, "ఒకటి నాది. మొదట ఇచ్చింది నేనే," అని రాశారు.

నా వృత్తిలో మనుషులు దాచుకోవడం చూస్తాను. పదకొండు మంది తమ కడుపులో గుట్టు తామే విప్పి బల్ల మీద పెట్టడం అప్పుడే చూశాను. అంత తలెత్తుకుని నిలబడ్డ మనుషుల మధ్య ఉన్నందుకు నాకే గర్వంగా అనిపించింది.

కవరు బీరువాలోనే ఉంది. పోలిక ముప్ఫై అయిదు నిమిషాలు పట్టింది. సాయంత్రం అయిదూ ఇరవైకి మరిది కాగితం పట్టుకుని వచ్చాడు.

"ఎవరిదీ కాదు."

వరండాలో ఒక్కసారిగా ఊపిరి వదిలిన చప్పుడు. కత్తెర మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు. "పదకొండు మందీ కడిగిన ముత్యాలు. మంచిదే. మరి ఆ కడుపు ఎవరిది?"

పెద్దక్క మరిది చేతిలో కాగితం తీసుకుంది. అచ్చేసిన గీతను వెలుగుకు పట్టి చూసింది. ముందు మామూలుగా చూసింది. తర్వాత కళ్ళద్దాలు పైకి తోసుకుని, ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"ఈ మనిషిని నేనెరుగుదును," అంది.

"ఎవరు?" అన్నాం నేనూ కత్తెరా ఒక్కసారే.

"పేరు తెలీదు. పేరు నాకెప్పుడూ తెలీదు. ఇదిగో పద్నాలుగో నిమిషం దగ్గర, చూడండి, రెండు చిన్న మూపురాలు పక్కపక్కన. వేసవిలో ఇది కనబడితే మెషీనులో తేడా ఉందనుకుని మూడుసార్లు తిరగ ఎక్కించాను. మెషీనులో తేడా లేదు, ఆ మనిషి తీరే అంత. ఆ పిల్లల పరిశోధనలోనే తల్లుల శాంపిళ్ళు కూడా వచ్చాయి. కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చిన తల్లులు కొందరు ఈ బిళ్ళ వాడతారు." ఆవిడ తన పుస్తకం తెప్పించి పేజీ తిప్పింది. "తల్లి ముప్ఫై ఒకటి. మూడుసార్లు ఎక్కించేసరికి మా దగ్గరున్నది అయిపోయింది. అయిపోయిందని రాశాను కూడా."

"మరి ఇరవై నాలుగు ట్యూబులకు ఎక్కడి నుంచి వచ్చింది?"

"ప్రతి శాంపిల్లో సగమే మాకు పంపుతారు. పిల్లలదైతే మొత్తమే ఆవగింజంత. పెద్దవాళ్ళది బోలెడు మిగులుతుంది. మిగిలిన సగం వార్డు ఫ్రీజర్లో ఉంటుంది. ట్యూబులకు లేబుళ్ళు అచ్చేసేదీ అక్కడే. దాని తాళం..." పెద్దక్క ఆగిపోయింది.

"తాళం ఎవరి దగ్గర ఉంటుంది?"

ఆవిడ డైరెక్టరు గారి వైపు చూసింది. డైరెక్టరు గారు కూర్చుండిపోయారు. "డాక్టరమ్మ దగ్గర," అన్నారు.

"బుధవారం ఆవిడ ఇక్కడికి వచ్చిందా?"

"ప్రతి బుధవారం వస్తుంది. కొత్త ట్యూబులు చల్లపెట్టెలో తనే మోసుకొస్తుంది. మా ఇంటి పిల్లలాంటిదమ్మా."

"పొద్దుటి నుంచి మూడుసార్లు అడిగాను, ఎవరైనా వచ్చారా అని!"

"బయటివాళ్ళు వచ్చారా అని అడిగారు," అంది పెద్దక్క. తన పుస్తకం మూసేసింది. "డాక్టరమ్మ బయటి మనిషని మాకు తోచనే లేదు."

ఆ గదిలో అందరికన్నా ముందు లేచింది కత్తెర. ముఖం పాలిపోయి ఉంది.

"ఆ పొడి తయారుచేసే విధానం ఆవిడదే," అన్నాడు. "డబ్బా మీద పేరు ఉండదు. కంపెనీలో ముగ్గురికే తెలుసు, నాలుగోవాణ్ణి నేను. పదేళ్ళ కష్టమట. ఇంకోటి విను చెల్లెమ్మా, గురువారం రిపోర్టు చూసి పొడి మళ్ళీ మొదలుపెట్టమని కంపెనీ ఉత్తరమిచ్చింది. ఇవాళ్టి నుంచే. సాయంత్రం ఆరింటి పాలతో."

గోడ గడియారం అయిదూ ముప్ఫై నాలుగు చూపిస్తోంది.

వార్డుకు ఫోను చేశాను. సిస్టరు ఎత్తింది. వార్డులో ఇంకా ఉన్న పిల్లల కోసం పద్దెనిమిది సీసాల్లో పొడి కలిపి సిద్ధంగా ఉంచారట. ఆపమన్నాను.

"మీరెవరండీ? డాక్టరమ్మ రాతపూర్వకంగా ఆర్డరిచ్చారు. ల్యాబు రిపోర్టు జత చేశారు. మీరు చెబితే ఎలా ఆపుతాను?"

డైరెక్టరు గారు చెయ్యి చాచారు. ఫోను ఇచ్చాను. ఆయన లేచి నిలబడి మాట్లాడారు.

"సిస్టర్, నేను ల్యాబు డైరెక్టర్ని. గురువారం నాటి రిపోర్టు తప్పు. మా స్టోరులో ట్యూబులు మారిపోయాయి. మేం కనిపెట్టలేకపోయాం. ఆ రిపోర్టును నా పేరు మీద వెనక్కి తీసుకుంటున్నాను. సోమవారం నాటిదే నిజం. ఆ పద్దెనిమిది సీసాలూ పక్కన పెట్టి మూతలకు సీలు వెయ్యండి. నా సంతకంతో కాగితం ఇప్పుడే పంపిస్తున్నాను."

ఏడు బృందాలు వినే మాట అది. మా స్టోరులో తప్పు జరిగిందన్న మాట ఆ ల్యాబు చరిత్రలో ఎవరూ అనలేదు. ఆయన ఒక్క అక్షరం మింగలేదు. పెద్దక్క ఆయన్నే చూస్తోంది, కళ్ళు తడిగా, తల నిటారుగా.

అటువైపు సీసాల చప్పుడు. "ఆపాం సార్," అంది సిస్టరు. తర్వాత, "కానీ డాక్టరమ్మ మీ దగ్గరికే బయలుదేరారు కదా? వార్డు ఫ్రీజర్లోంచి ఒక పెట్టె తీసుకుని అయిదింటికే వెళ్ళిపోయారు. ఇంకా రాలేదా?"

ఆసుపత్రి నుంచి ల్యాబుకు పావుగంట దారి.

వరండాలో ఆయా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "వచ్చారమ్మా. మీరంతా ఇక్కడున్నారని స్టోరు తలుపు నేనే తీశాను. డాక్టరమ్మే కదా అని..."

మాట పూర్తికాకుండానే కింద నుంచి గంట మోగింది. ఆగకుండా, కీచుగా.

"ఫ్రీజరు గంట!" అన్నాను.

"కాదు," అంది పెద్దక్క. అప్పటికే మెట్ల మీదుంది. "ఫ్రీజరు గంట ఆగి ఆగి మోగుతుంది. ఇది గాలి గంట."

పరుగెడుతూనే ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఫ్రీజర్లు వేడెక్కితే వాటంతట అవే లోపలికి నైట్రోజన్ వదులుకుంటాయి, శాంపిళ్ళు కరిగిపోకుండా. తలుపులు మూసి ఉంటే ఏం కాదు. ఎవరో నాలుగు తలుపులూ బార్లా తెరిచారు. ఇప్పుడా నైట్రోజన్ అంతా గదిలోకి వస్తోంది, గదిలో గాలిని బయటికి నెట్టేస్తోంది. వాసన ఉండదు, రంగు ఉండదు. పీల్చే మనిషికి తెలియను కూడా తెలియదు.

గాజు తలుపు అవతల తెల్లటి పొగమంచు నడుము ఎత్తున ఉంది. నాలుగు ఫ్రీజర్లూ నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. నేల మీద పెట్టెలు. మూడో ఫ్రీజరు ముందు డాక్టరమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఉంది, తల్లుల పెట్టె కోసం వెతుకుతూ వెతుకుతూ ఒరిగిపోతోంది; తల్లి ముప్ఫై ఒకటిని మాయం చేద్దామని వచ్చింది గానీ, అది ఎప్పుడో అయిపోయిందని ఆవిడకు తెలీదు. పక్కన ఆవిడ తెచ్చిన చల్లపెట్టె, మూత సగం తెరిచి. అందులో చిన్న చిన్న మూతలు వరసగా కనబడ్డాయి. ఇరవై నాలుగు. బుధవారం ఇక్కడి నుంచి మాయమైన పిల్లల ట్యూబులే. ఎందుకు తగలబెట్టలేదో ఇప్పటికీ తెలీదు. పదేళ్ళు పిల్లల మీద పని చేసిన మనిషికి చేతులు రాలేదేమో.

తలుపు పక్క గోడ మీద ఆక్సిజన్ అంకె, మామూలుగా ఇరవై ఒకటి ఉండాల్సింది: పదిహేను. చూస్తుండగా పద్నాలుగు.

"మరిదిగారూ, కింద పెద్ద వాల్వు కట్టెయ్యి! కుడివైపు తిప్పు!" ఆయన దూకుతూ వెళ్ళాడు. డైరెక్టరు గారు ఫ్యాను స్విచ్చి కోసం తడుముతున్నారు. కత్తెర అంబులెన్సుకు ఫోను చేస్తూ, మొదటిసారి, ఎవరి మాటకీ అడ్డు రాకుండా వింటున్నాడు.

తలుపు మీద పెద్దక్క చేతిరాతతో ఒక కాగితం అంటించి ఉంది: 'గంట మోగితే ఎవరూ లోపలికి వెళ్ళరాదు. ఎంతటివారైనా సరే.'

"పెద్దక్కా, వద్దు," అని చెయ్యి పట్టుకున్నాను. "మీమీద నింద వేసింది ఆవిడే."

"వేసింది. అది రేపు పొద్దున్న అడుగుతాను," అంది, నా పట్టు విడిపించుకుంటూ. "దానికి ఆవిడ బతికుండాలి. అమ్మాయ్, తలుపు పట్టుకో. ఏం జరిగినా మూసుకోనివ్వకు."

అంకె పదమూడు అయింది.

పెద్దక్క నిండా ఊపిరి పీల్చుకుని, పెదవులు బిగించి, ఆ కాగితాన్ని భుజంతో తోసుకుంటూ పొగమంచులోకి నడిచింది.